బెర్లిన్‌లో తక్కువ ఖర్చుతో సరుకులు ఎక్కడ కొనాలి?

హాస్టల్‌లో దిగి అక్కడే వండుకుంటాం, సరుకులు ఎక్కడ చవక అని అడిగారు కదా. ఆల్డి, లిడ్ల్, నెట్టో, పెన్నీ అనే చవక సూపర్‌మార్కెట్లలో ఏది దగ్గరుంటే దానికి వెళ్లండి, పది సెంట్ల తేడా కోసం ఊరంతా తిరగడం దండగ. పాలు, పాస్తా, పెరుగు లాంటివి షాపు సొంత బ్రాండువే తీసుకోండి.

బిల్లులో సీసాకి 25 సెంట్లు ఎక్కువ పడితే కంగారు పడకండి, అది ఫాండ్ అనే డిపాజిట్. ప్లాస్టిక్ సీసా, డబ్బా ఏదైనా నలపకుండా దాచి (లేబుల్ మీద బార్‌కోడ్ మెషిన్‌కి కనబడాలి) షాపులో ఉండే మెషిన్‌లో పెడితే చీటీ వస్తుంది, దాన్ని కౌంటర్‌లో ఇస్తే ఆ డబ్బు బిల్లులో తగ్గిస్తారు, లేదా చేతికిస్తారు. బీరు గాజు సీసాకైతే మామూలుగా 8 సెంట్లే. అసలు కుళాయి నీళ్లే శుభ్రంగా తాగొచ్చు, నీళ్లు కొనడమెందుకు?

ఆదివారం దాదాపు అన్నీ బంద్, కాబట్టి శనివారమే కొనిపెట్టుకోండి. మరీ తప్పకపోతే సెంట్రల్ స్టేషన్‌లో సూపర్‌మార్కెట్ తెరిచి ఉంటుంది, రద్దీ మాత్రం భరించాలి.

కూరగాయలకి నా ఓటు కాలువ గట్టునున్న మైబాఖూఫర్ వీధిలో మంగళ, శుక్రవారాల్లో జరిగే టర్కీ సంతకే. కొత్తిమీర కట్టలు, పచ్చిమిర్చి దొరుకుతాయి, కట్టేసే వేళకి వెళితే పళ్లు గంపగుత్తగా ఇచ్చేస్తారు. చిల్లర నోట్లు దగ్గరుంచుకోండి. సూపర్‌మార్కెట్‌కైనా, సంతకైనా సంచి మీరే తీసుకెళ్లండి.