టెక్ సందేహాలు: ‘128’ ఎర్రర్‌కి 777 మందు కాదు

సార్, గో అనే ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్‌లో రాసిన మా సర్వీస్ నా ల్యాప్‌టాప్‌లో చక్కగా బిల్డ్ అవుతుంది. అదే ఫోల్డర్‌ని డాకర్ కంటైనర్‌లో (మెషీన్‌లోనే విడిగా నడిచే డబ్బాలాంటిది) మౌంట్ చేసి బిల్డ్ చేస్తే ‘ఎర్రర్ అబ్‌టెయినింగ్ వీసీఎస్ స్టేటస్: ఎగ్జిట్ స్టేటస్ 128’ అని ఆగిపోతోంది. ఫోల్డర్ మొత్తానికి 777 పర్మిషన్ (ఎవరైనా చదవొచ్చు, రాయొచ్చు, నడపొచ్చు) ఇచ్చాను, అయినా అంతే. ‘బిల్డ్‌వీసీఎస్’ ఫ్లాగ్‌ని ఫాల్స్ చేస్తే పోతుందని ఆ మెసేజ్‌లోనే ఉంది. చేసేయమంటారా?
– ఒక పాఠకుడు, మాదాపూర్

చేసేయకండి. ఎర్రర్ పోతుంది, దాంతోపాటు మీకు పనికొచ్చేదీ పోతుంది.

2022 మార్చిలో వచ్చిన గో 1.18 నుంచి బిల్డ్ చేసినప్పుడల్లా గో ఒక ముద్ర వేస్తోంది. ఏ కమిట్ (గిట్‌లో సేవ్ చేసిన కోడ్ వెర్షన్) నుంచి తయారైంది, ఆ కమిట్ టైమ్ ఎంత, కమిట్ చేయని మార్పులేమైనా ఉన్నాయా అన్న మూడు సంగతులూ బైనరీలోనే, అంటే బిల్డ్ అయి వచ్చే ప్రోగ్రామ్ ఫైల్‌లోనే ఉంటాయి. ‘గో వెర్షన్’ కమాండ్‌కి ‘ఎమ్’ ఫ్లాగ్ తగిలించి, పక్కన బైనరీ పేరిస్తే అన్నీ కనిపిస్తాయి. అర్ధరాత్రి ఫోన్ మోగి, ‘సర్వర్‌లో నడుస్తున్నది ఏ కోడ్?’ అని అడిగితే దీని విలువ తెలుస్తుంది. ఒకప్పుడు నేను పనిచేసిన ఒక చోట ఆ ప్రశ్నకి జవాబు కోసం ముగ్గురం తెల్లారేదాకా ఫైల్ సైజులు పోల్చుకుంటూ కూర్చున్నాం.

ఆ ముద్ర కోసం గో వెళ్లి, కోడ్ మార్పుల లెక్క రాసే గిట్‌ని (మీ ఎర్రర్‌లోని ‘వీసీఎస్’ ఇదే) అడుగుతుంది. మీ దగ్గర మొండికేస్తున్నది గిట్టే. 128 అంటే గిట్ ‘ఇక నావల్ల కాదు’ అని చేతులెత్తేసినప్పుడు ఇచ్చే కోడ్. అదే కంటైనర్‌లో, అదే ఫోల్డర్‌లో ఉత్త ‘గిట్ స్టేటస్’ కొట్టి చూడండి. ‘డ్యూబియస్ ఓనర్‌షిప్’ (ఓనర్ విషయంలో అనుమానం) అని వస్తే అసలు సంగతి దొరికినట్టే.

2022 ఏప్రిల్‌లో వచ్చిన గిట్ 2.35.2 నుంచి, రిపాజిటరీ (గిట్ లెక్క రాసే కోడ్ ఫోల్డర్) ఓనర్ ఒకరు, గిట్‌ని నడిపేవారు మరొకరు అయితే గిట్ దాన్ని ముట్టుకోదు. కారణం ఉంది. రిపాజిటరీలో ఉండే కాన్ఫిగ్ ఫైల్‌తో గిట్ చేత వేరే ప్రోగ్రామ్‌లు నడిపించవచ్చు. నలుగురు వాడే మెషీన్‌లో ఎవడో ఒకడు పై ఫోల్డర్‌లో అలాంటి ‘డాట్ గిట్’ పెట్టి పోతే, అక్కడ మీరు గిట్ కొట్టగానే వాడి ప్రోగ్రామ్ మీ పేరున నడుస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లో ఆ ఫోల్డర్ మీది, లైనక్స్‌లో సాధారణంగా యూజర్ నంబర్ 1000. కంటైనర్‌లో బిల్డ్ చేస్తున్నది అన్ని అధికారాలూ ఉండే రూట్ యూజర్, అంటే నంబర్ 0. గిట్‌కి అనుమానం రాక ఏమవుతుంది?

777 ఎందుకు పని చేయలేదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. గిట్ మన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ లాంటిది. తలుపు తీసి ఉందా అని చూడదు, ఫ్లాట్ ఎవరిదని అడుగుతుంది. ఆ 777ని వెనక్కి తీసేయండి. పర్మిషన్ అన్న మాట వినగానే 777 కొట్టే అలవాటు మనలో చాలామందికి ఉంది, నాకూ ఉండేది.

సరైన మందు, కంటైనర్‌ని మీ యూజర్ నంబర్‌తోనే నడపడం. ‘డాకర్ రన్’కి ‘యూజర్’ ఆప్షన్ ఇవ్వండి. అయితే వెంటనే ఇంకో ఎర్రర్ రావచ్చు, బిల్డ్ క్యాష్ ఫోల్డర్ చేయడానికి పర్మిషన్ లేదని. కంటైనర్‌లో ఆ నంబర్‌కి సొంత హోమ్ ఫోల్డర్ ఉండదు కాబట్టి అలా వస్తుంది. ఆ క్యాష్ ఎక్కడుండాలో చెప్పే ‘గోక్యాష్’ వేరియబుల్‌కి ‘టెంప్’ ఫోల్డర్ దారి చూపిస్తే సరి.

అది కుదరని ఆటోమేటిక్ బిల్డ్ పైప్‌లైన్ అయితే గిట్ కాన్ఫిగ్‌లో ‘సేఫ్ డాట్ డైరెక్టరీ’ అనే సెట్టింగ్ ఉంది. అందులో ఆ ఒక్క ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వండి. దీన్ని రిపాజిటరీ సొంత కాన్ఫిగ్‌లో రాస్తే గిట్ పట్టించుకోదు, దొంగే వచ్చి ‘నేను మంచోణ్ణి’ అని రాసుకోగలిగితే కాపలా ఎందుకు? హోమ్ ఫోల్డర్‌లో ఉండే గ్లోబల్ కాన్ఫిగ్‌లో పెట్టినా పని చేయట్లేదంటే, ఆ స్టెప్‌లో హోమ్ ఫోల్డర్ వేరే ఉందేమో చూడండి. అప్పుడు మెషీన్ మొత్తానికీ వర్తించే సిస్టమ్ కాన్ఫిగ్‌లో పెట్టండి. అన్నిటినీ నమ్మేయమని చెప్పే నక్షత్రం గుర్తు కూడా ఉంది. బిల్డ్ అయ్యాక పారేసే కంటైనర్‌లో అయితే ఫర్వాలేదు, మీ ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు.

కాలేజీ ప్రాజెక్ట్ చేస్తున్నాం. అంతా కమిట్ చేశాకే బిల్డ్ చేస్తున్నా ముద్రలో ‘మాడిఫైడ్’ ట్రూ అనే వస్తోంది.
– ఒక విద్యార్థిని, ఘట్‌కేసర్

గిట్‌కి తెలియని కొత్త ఫైల్ ఒక్కటి ఆ ఫోల్డర్‌లో ఉన్నా గో దాన్ని మార్పుగానే లెక్కిస్తుంది. చాలాసార్లు ఆ ఫైల్ మీ నిన్నటి బైనరీయే! దాని పేరు గిట్ పట్టించుకోకూడని ఫైళ్ల లిస్ట్ అయిన ‘గిట్‌ఇగ్నోర్’లో రాసి, ఆ మార్పు కూడా కమిట్ చేయండి.

వెర్షన్ నంబర్‌తోపాటు పేమెంట్ సర్వీస్ రహస్య కీని కూడా ‘ఎల్‌డీఫ్లాగ్స్’ (బిల్డ్ చేసేటప్పుడు ఇచ్చే ఆప్షన్) ద్వారా బైనరీలో పెడుతున్నాం. సోర్స్ కోడ్‌లో లేదు కాబట్టి సేఫే కదా?
– ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

కాదండీ. పైన చెప్పిన ‘గో వెర్షన్’ కమాండే మీరిచ్చిన ఎల్‌డీఫ్లాగ్స్‌ని కీతో సహా చూపించేస్తుంది. ‘ట్రిమ్‌పాత్’ ఫ్లాగ్ పెడితే ఆ లైన్ రాదు, మీ హోమ్ ఫోల్డర్ పాత్‌లు కూడా పోతాయి. కానీ కీ మాత్రం బైనరీలో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, వెతికేవాడికి నిమిషం పని. వెర్షన్ నంబర్‌ని అలాగే ఉంచుకోండి. కీని సర్వర్‌లో, ప్రోగ్రామ్ స్టార్ట్ అయ్యేటప్పుడు ఇవ్వండి. ఇప్పటికే ఆ బైనరీ బయటికి వెళ్లి ఉంటే ఇవాళే పాత కీ రద్దు చేసి కొత్తది తీసుకోండి.