డీవీడీలో బొమ్మ అంచులు తెగకుండా

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ అమ్మ పెళ్లి క్యాసెట్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ఫైళ్లను డీవీడీ చేసి, వారాసిగూడలో అమ్మమ్మగారి పాత డబ్బా టీవీలో వేస్తే, పీటల పక్కన నిలబడ్డ పిన్ని సగమే కనిపిస్తోందనీ, అడుగున వేసిన పేర్లు సగానికి తెగిపోయాయనీ, కంప్యూటర్‌లో మాత్రం అన్నీ సక్రమంగానే ఉన్నాయనీ రాశావు. లోపం నీ ఫైలులో లేదు. పిక్చర్ ట్యూబు టీవీలు బొమ్మను తెరకన్నా కొంచెం పెద్దదిగా వేసి, అంచులను చట్రం వెనక దాచేస్తాయి. వోల్టేజీ తగ్గి బొమ్మ కాస్త కుంచించుకుపోయినా చుట్టూ నల్లటి ఖాళీ కనబడకూడదని చేసిన ఏర్పాటు ఇది. దీన్నే ఓవర్‌స్కాన్ అంటారు. ఒక్కో వైపు సుమారు 5 శాతం పోతుంది, కొన్ని టీవీల్లో ఇంకాస్త ఎక్కువే.

కాబట్టి బొమ్మను ముందే కుదించి, చుట్టూ నల్లటి అంచు వదలాలి. మన దేశపు టీవీ పద్ధతి అయిన పాల్‌లో డీవీడీ ఫ్రేము (ఒక్కో నిశ్చల బొమ్మ) 720 × 576 పిక్సెళ్లు, సెకనుకు 25 ఫ్రేములు. అందులో నీ బొమ్మను 640 × 512కు తగ్గించి మధ్యలో పెడితే, పక్కల 40 చొప్పున, పైనా కిందా 32 చొప్పున పిక్సెళ్లు మిగులుతాయి. రెండు దిశల్లోనూ ఒకే నిష్పత్తిలో తగ్గుతుంది గనుక ముఖాలు సాగవు. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాములో స్కేల్ (కుదించేది), ప్యాడ్ (అంచు చేర్చేది) ఫిల్టర్లు ఈ పని చేస్తాయి.

క్యాసెట్ బొమ్మతో రెండు చిక్కులున్నాయి. అది ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేములో సరి, బేసి గీతలు వేర్వేరు క్షణాలవి. కాబట్టి కుదించే ముందు వాటిని సరిచేసే డీఇంటర్‌లేస్ చేయకపోతే తలంబ్రాలు పోసే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు వస్తాయి. రెండోది, వీసీఆర్‌లో టేపును చదివే హెడ్డు ఒకదాన్నుంచి ఇంకోదానికి మారే చోట ఫ్రేము అడుగున వణికే గీతల పట్టీ ఒకటి ఉంటుంది. ఇన్నాళ్లూ దాన్ని ఓవర్‌స్కానే దాచింది. నువ్వు కుదించగానే అది బయటపడుతుంది. ఆ కాస్త మేర నల్లరంగు కప్పేయి.

ఫోనులో తీసిన వీడియోలు కూడా చేరుస్తానన్నావు. వాటి వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9, క్యాసెట్‌ది 4:3. రెంటినీ ఒకే టైటిల్‌లో (డీవీడీలోని విడి వీడియో భాగంలో) కలపకుండా విడివిడిగా పెట్టి, దేని నిష్పత్తి దానికి నమోదు చెయ్యి. అమ్మమ్మగారి ప్లేయర్ సెటప్‌లో టీవీ రకం పాన్ స్కాన్ (పక్కలు కోసి తెర నింపేది) అని ఉంటే లెటర్‌బాక్స్‌కు (పైనా కిందా నల్లపట్టీలతో బొమ్మంతా చూపేదానికి) మార్చు. లేకపోతే 16:9 బొమ్మకు పక్కలు తెగే ప్రమాదముంది, అప్పుడు నువ్వు వదిలిన అంచు కూడా కాపాడలేదు.

ఇదే డిస్కు మీ ఇంటి ఫ్లాట్ టీవీలో వేస్తే చుట్టూ నల్లటి చట్రం కనిపిస్తుంది. నన్నడిగితే దానికి అంచు లేని డిస్కు వేరేగా చేసుకోవడమే మేలు. అక్కడ కూడా అంచులు తెగితే టీవీ మెనూలో జస్ట్ స్కాన్, స్క్రీన్ ఫిట్ వంటి పేరుతో ఉండే సెట్టింగుతో సరిపోతుంది.

4.7 జీబీ డిస్కులో రెండు గంటల వీడియో పట్టాలంటే శబ్దంతో కలిపి సెకనుకు సుమారు 5 మెగాబిట్లకు మించకు.

అందరికీ ప్రతులు తీసే ముందు, అంచు నుంచి లోపలికి పది పది పిక్సెళ్లకు గీత గీసి, అంకె వేసిన బొమ్మను చెరిపి మళ్లీ రాయగల రీరైటబుల్ డిస్కులో రాసి అమ్మమ్మగారి టీవీలో చూడు. నాలుగు వైపులా బయటినుంచి మొదట కనబడే అంకెను కాగితం మీద రాసుకో. పక్కల 40 గానీ, పైనా కిందా 30 గానీ కనబడకపోతే బొమ్మను ఇంకాస్త కుదించు. ఖాళీ డిస్కులు మీ దగ్గర దొరకకపోతే సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అడుగు.

ఇట్లు,
మీ మామయ్య