డి.సి. సర్క్యూట్ కోర్టులో మన పేర్లున్న జడ్జీలు ఉంటే హెచ్-4 వాళ్ళకు మేలు జరుగుతుందా?

మీరు రెండు సంగతులు అడిగారు. హెచ్-4 ఈఏడీ, అంటే హెచ్-1బీ ఉద్యోగి భార్య లేదా భర్త పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి కార్డు, దాని మీద కేసు తేల్చిన డి.సి. సర్క్యూట్ ఎలాంటి కోర్టు అన్నది ఒకటి. అక్కడ శ్రీనివాసన్, రావు అనే జడ్జీలు ఉన్నారు కాబట్టి మనం ధైర్యంగా ఉండొచ్చా అన్నది రెండోది. నేను లాయర్ని కాను. ఆ కేసు నడిచిన పదేళ్ళూ ఆ కార్డుతోనే ఉద్యోగం చేశాను. ఆ భయంతోనే కోర్టు గురించి కొంత తెలుసుకున్నాను.

మాది తెనాలి. గుంటూరులో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు పాఠాలు చెప్పి, పెళ్ళయ్యాక 2012లో వర్జీనియా వచ్చాను. మూడేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. 2015 మే 26న కొత్త రూల్ అమల్లోకి వచ్చింది. హెచ్-1బీలో ఉన్న మనిషికి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం వేసే పిటిషన్) ఆమోదం వచ్చి ఉన్నా, హెచ్-1బీకి ఉండే ఆరేళ్ళ గడువు దాటి పొడిగింపు దొరికినా, వాళ్ళ భార్య లేదా భర్త పని చేసుకోవచ్చు. కార్డు చేతికొచ్చిన రోజు అమ్మకు ఫోన్ చేశాను గానీ ఏడుపు తప్ప మాట రాలేదు. అప్పటికే ఆ రూల్ మీద కేసు ఉందని నాకు తెలియదు. ఏప్రిల్‌లోనే వేశారు. వేసింది సేవ్ జాబ్స్ యూఎస్ఏ. కాలిఫోర్నియాలో ఒక కరెంటు కంపెనీలో ఐటీ ఉద్యోగాలు పోగొట్టుకున్నవాళ్ళు పెట్టుకున్న సంఘం అది. వాళ్ళను తిట్టుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. నేను తిట్టలేను. ఉద్యోగం లేకుండా ఇంట్లో కూర్చోవడం ఎలా ఉంటుందో నాకూ తెలుసు.

ఇక కోర్టు సంగతి. అమెరికాలో ఫెడరల్ కోర్టులకు మూడు మెట్లు. కింద జిల్లా కోర్టు, పైన సుప్రీంకోర్టు, మధ్యలో అప్పీళ్ళు వినే సర్క్యూట్ కోర్టులు. దేశాన్ని 12 ప్రాంతాలుగా విడదీసి ప్రాంతానికి ఒకటి పెట్టారు. పేటెంట్ల లాంటి ప్రత్యేక విషయాలకు 13వది ఉంది. రాష్ట్రాల కోర్టులు పూర్తిగా వేరే. 2024లో విజయవాడకు చెందిన జయ బాడిగ గారు శాక్రమెంటోలో జడ్జి అయ్యి, ప్రమాణం రోజు తెలుగులో మాట్లాడిన వీడియో మనందరం చూశాం. అది కాలిఫోర్నియా రాష్ట్ర కోర్టు. వీసా రూల్ చెల్లుతుందా లేదా అన్న వివాదం అక్కడికి రాదు.

డి.సి. సర్క్యూట్ పరిధి చాలా చిన్నది, వాషింగ్టన్ నగరం ఒక్కటే. ఫెడరల్ శాఖలు చాలావరకు ఆ ఊళ్ళోనే ఉంటాయి కాబట్టి వాటి రూల్స్ మీద పడే పెద్ద పెద్ద కేసులు ఇక్కడికి చేరతాయి. ఇప్పుడు సుప్రీంకోర్టులో ఉన్న తొమ్మిది మందిలో రాబర్ట్స్, థామస్, కావనా, జాక్సన్ నలుగురూ ఇక్కడ పనిచేసి వెళ్ళినవాళ్ళే. జడ్జీల స్థానాలు 11. అధ్యక్షుడు ప్రతిపాదిస్తే సెనేట్ ఆమోదించాలి. ఆ తర్వాత జీవితాంతం ఆ పదవిలో ఉండొచ్చు. అయితే మామూలుగా ఒక కేసును ముగ్గురే వింటారు.

శ్రీ శ్రీనివాసన్ చండీగఢ్‌లో పుట్టారు, కాన్సస్ రాష్ట్రంలో పెరిగారు. తమిళ కుటుంబం. 2013లో సెనేట్ 97-0 ఓట్లతో ఆమోదించింది. భగవద్గీత మీద ప్రమాణం చేశారు. 2020 నుంచి చీఫ్ జడ్జి. నియోమీ రావు 2019లో వచ్చారు. ఇంటిపేరు చూసి మనవాళ్ళలో కొందరు తెలుగావిడ అనుకుంటారు. ఆమె తల్లిదండ్రులు భారతదేశం నుంచి వెళ్ళిన పార్సీలు. చీఫ్ జడ్జి అయినా శ్రీనివాసన్ గారికి బెంచిలో ఒక ఓటే. ఆయన బెంచిలో లేకపోతే ఆ ఒక్కటీ ఉండదు.

2019 నవంబరు 8 నాకు బాగా గుర్తు. శుక్రవారం. ఆఫీసులో ఉండగానే వాట్సాప్ మోగడం మొదలైంది. ఒక గ్రూపులో ఈఏడీ నిలబడిందని, ఇంకో గ్రూపులో పోయిందని. ఆ రాత్రి పిల్లను పడుకోబెట్టి మన కేసులో డి.సి. సర్క్యూట్ ఇచ్చిన తీర్పు తెరిచి చదివాను. సగం అర్థం కాలేదు, మా వారు పక్కన కూర్చుని డిక్షనరీ తీసి చెప్పారు. అందులో రెండూ లేవు! ఈ రూల్ వల్ల ఉద్యోగాల కోసం పోటీ పెరుగుతుంది కాబట్టి ఆ సంఘానికి కేసు వేసే అర్హత ఉంది అన్నారు, అంతే. రూల్ చెల్లుతుందా లేదా అన్నది ముందు కింది కోర్టే తేల్చాలని వెనక్కి పంపారు. అంటే నాలుగేళ్ళు గడిచినా అసలు ప్రశ్న మొదలే కాలేదు. మనం ఓడలేదు, గెలవలేదు, టెన్షన్ మాత్రం మిగిలింది.

తర్వాత జరిగింది మన చాలామందికి తెలియదు. నాకు తెలిసి మన గతి తేల్చింది మన కేసు కాదు, స్టూడెంట్ల కేసు. వాష్‌టెక్ అనే కార్మిక సంఘం ఓపీటీ (స్టూడెంట్లు చదువు తర్వాత కొంతకాలం పని చేసుకునే అనుమతి) మీద వేసిన కేసులో 2022 అక్టోబరులో ఇదే కోర్టు బెంచి తీర్పు ఇచ్చింది, రాసినది జడ్జి పిల్లర్డ్. వీసా మీద వచ్చినవాళ్ళు ఎంతకాలం ఉండాలి, ఏ షరతుల మీద ఉండాలి అన్నది నిర్ణయించే అధికారం చట్టం ప్రభుత్వానికి ఇచ్చింది, ఆ షరతుల్లో పని చేసుకోనివ్వడం కూడా వస్తుంది అన్నారు. ఆ తీర్పును కోర్టు మొత్తం కూర్చుని మళ్ళీ వినాలని వాళ్ళు అడిగితే మెజారిటీ జడ్జీలు ఒప్పుకోలేదు. వినాల్సిందే అన్నవారిలో జడ్జి రావు ఒకరు. మీ రెండో ప్రశ్నకు ఇంతకన్నా నేరుగా జవాబు చెప్పలేను. ఆమె చట్టాన్ని చదివే తీరు అది. ప్రభుత్వ శాఖలకు చట్టంలో రాసినదానికి మించి అధికారం ఉండకూడదన్నది ఆమె పక్షం. ఓపీటీలో వేలమంది మన పిల్లలున్నా ఆ ఆలోచన మారదు, మారాలని మనం అనుకోవడం కూడా తప్పు.

మన హైకోర్టుల్లో ఒక డివిజన్ బెంచి చెప్పినదాన్ని అదే స్థాయి ఇంకో బెంచి కాదనలేదు కదా, పెద్ద బెంచికి పంపాల్సిందే. ఇక్కడా అంతే. 2023 మార్చిలో జిల్లా కోర్టు మన రూల్ చెల్లుతుందంది. సేవ్ జాబ్స్ మళ్ళీ అప్పీలుకు వచ్చింది. 2024 ఆగస్టు 2న డి.సి. సర్క్యూట్ బెంచి, వాష్‌టెక్ తీర్పు ఉండగా మేము వేరేగా చెప్పలేం అంది. అంతకు నెల ముందే సుప్రీంకోర్టు లోపర్ బ్రైట్ కేసులో, చట్టానికి అర్థం ప్రభుత్వ శాఖలు చెప్పినట్టు కాక కోర్టులే స్వయంగా తేల్చాలని చెప్పి ఉంది. దాంతో నేను చాలా భయపడ్డాను. కానీ వాష్‌టెక్ తీర్పు చట్టంలోని మాటల మీద నిలబడినది కాబట్టి కదల్లేదు. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ కేసు వినడానికి ఒప్పుకోలేదు. అక్కడితో ముగిసింది.

ఆ మధ్యలో ఒకసారి కోర్టు చూడాలనిపించి సెలవు పెట్టి వెళ్ళాను. ఆష్‌బర్న్‌లో సిల్వర్ లైన్ ఎక్కి, మెట్రో సెంటర్‌లో రెడ్ లైన్‌కు మారి, జుడీషియరీ స్క్వేర్‌లో దిగాను. ఎవరైనా వెళ్ళొచ్చు, టికెట్టు లేదు, పాస్ లేదు. నీది ఏ వీసా అని ఎవరూ అడగలేదు. ఆ రోజు గ్యాస్ పైపులైను అనుమతి గురించిన కేసు. సాక్షులు లేరు, జ్యూరీ లేదు. లాయరు మొదటి వాక్యం పూర్తిచేయకముందే జడ్జి ఆపి, రికార్డులో ఫలానా పేజీలో ఇలా ఉంది కదా అని అడిగారు. లాయరు ముందు టైము అయిపోతోందని చెప్పే చిన్న దీపం పసుపుకు, ఎరుపుకు మారుతుంటే నా గుండె కొట్టుకుంది, నా కేసు కాకపోయినా. ముగ్గురు జడ్జీల్లో ఎవరిని ఏ అధ్యక్షుడు నియమించారో నాకు ముందే తెలుసు, అయినా ప్రశ్నలు విని అది పోల్చుకోలేకపోయాను. అన్ని కేసుల్లోనూ అలాగే ఉంటుందని అనను. వీసా, అధ్యక్షుడి అధికారాల లాంటి విషయాల్లో ఆ తేడా చాలాసార్లు కనిపిస్తుంది.

మీరు వెళ్ళలేకపోతే వాదనల ఆడియో యూట్యూబ్‌లో లైవ్‌గా వస్తుంది. ఈ కోర్టు మామూలుగా తీర్పులు ఇచ్చేది మంగళ, శుక్రవారాల్లో, ఉదయం 10 దాటాక వెబ్‌సైట్‌లో పెడతారు. నాలుగేళ్ళకు పైగా నేను ఆ రెండు రోజులూ కాఫీ పక్కన పెట్టుకుని చూసేదాన్ని.

ఒక మాట మరిచిపోకండి. రూల్ చట్టానికి లోబడి ఉందని మాత్రమే కోర్టు చెప్పింది. ప్రభుత్వం పద్ధతి ప్రకారం ఆ రూల్‌ను రద్దు చేయాలనుకుంటే ఈ తీర్పు అడ్డు రాదు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యూవల్స్‌కు ఆటోమేటిక్ పొడిగింపు కూడా తీసేశారు. పాత కార్డు గడువు తీరే రోజుకు కొత్తది రాకపోతే ఉద్యోగం ఆపాల్సిందే. 180 రోజుల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆ మొదటి వారంలోనే పంపండి.