బటన్‌ని నేరుగా లోపలికి రానీకు

చిరంజీవి చిన్నీకి మావయ్య ఆశీస్సులు.

ఐస్‌స్టిక్ బోర్డు (మనం కోడ్‌గా రాసిన సర్క్యూట్‌లా మారే ఎఫ్‌పీజీఏ చిప్ ఉన్నది) కొన్నావని, మొదటి పనిగా ప్రాసెసరే కట్టేస్తానంటున్నావని అమ్మ చెప్పింది. మొదటి మాటకి మురిసిపోయాను, రెండో మాటకి గుండె గుభేల్మంది. ప్రాసెసర్ ఎక్కడికీ పారిపోదు గానీ, ముందు ఒక ఎల్‌ఈడీ వెలిగించు తల్లీ.

నీ కోడ్‌ని చిప్‌లోకి చేర్చే సాఫ్ట్‌వేర్లు యోసిస్, నెక్స్ట్‌పీఎన్‌ఆర్, ఐస్‌స్టార్మ్ పెట్టుకో. చిప్ లేకుండా కంప్యూటర్‌లోనే నడిపి చూడటానికి, అంటే సిమ్యులేషన్‌కి, ఐకారస్. 24 బిట్ల కౌంటర్ రాసి, పై బిట్‌ని ఎల్‌ఈడీకి కట్టు. 12 మెగాహెర్ట్జ్ క్లాక్‌కి అది దాదాపు 1.4 సెకన్లకోసారి మెరవాలి. మెరవకపోతే నువ్వు కోడ్ రాసే వెరిలాగ్ భాషని తిట్టుకోకు, ముందు ఏ సిగ్నల్ ఏ పిన్‌కో చెప్పే పిన్‌ల ఫైలు చూడు. క్లాక్ బ్లాకులో నాన్‌బ్లాకింగ్ అసైన్‌మెంటే (<=) వాడు. క్లాక్ లేని కాంబినేషనల్ బ్లాకులో ఎల్స్ మరిచావంటే అడగని లాచ్, అంటే పాత విలువని పట్టుకునే మెమరీ, వచ్చి కూర్చుంటుంది.

ఇక నా అసలు భయం బటన్. ఆ బోర్డు మీద బటన్ ఉండదు, నువ్వే కట్టుకోవాలి. పిన్ నుంచి 3.3 వోల్టులకి 10 కిలోఓమ్‌ల రెసిస్టర్, పిన్ నుంచి గ్రౌండ్‌కి బటన్. నొక్కితే 0 వస్తుంది. 5 వోల్టులు మాత్రం పిన్‌కి తాకించావో, చెవి మెలేస్తాను.

ఆ తీగని తిన్నగా స్టేట్ మెషీన్‌కి (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి, అంటే స్టేట్‌కి, అడుగేసే సర్క్యూట్‌కి) ఇచ్చేయడమే అందరూ చేసే తప్పు. నేనూ చేసినదే. సిమ్యులేషన్‌లో అంతా బంగారంలా నడుస్తుంది. ఎందుకంటే అక్కడ బటన్‌ని క్లాక్‌తో తాళం కలిపి నువ్వే మారుస్తున్నావు. నీ వేలికి క్లాక్ సంగతి తెలియదు కదా! 00 నుంచి 11కి వెళ్లాల్సిన స్టేట్‌ని తీసుకో. ఆ రెండు బిట్లని దాచేవి రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌లు, క్లాక్ అంచున విలువ పట్టుకునేవి. రెండూ ఆ బటన్‌నే చూస్తాయి, కానీ ఒకదాని దారి పొడవు, ఇంకోదానిది పొట్టి. సరిగ్గా క్లాక్ అంచు దగ్గర బటన్ మారితే ఒకటి కొత్త విలువ పట్టుకుంటుంది, రెండోది పాతదే పట్టుకుంటుంది. వెళ్లేది 01కో 10కో. ఆ స్టేట్‌కి నువ్వు దారి రాయలేదనుకో, మెషీన్ అక్కడే బిగుసుకుపోతుంది. అదీ వందసార్లు నొక్కితే ఒకసారి. కోడ్ ఎన్నిసార్లు చదివినా తప్పు కనబడదు. పైగా ఏదో సంబంధం లేని లైను మార్చితే ప్లేస్‌మెంట్ (చిప్‌లో ఏది ఎక్కడ కూర్చుంటుందో అది) మారి జబ్బు మాయమవుతుంది, నయమైపోయిందని నువ్వు నమ్మేస్తావు.

మందు చిన్నదే. బటన్‌ని ఒకదాని వెనక ఒకటిగా రెండు ఫ్లిప్‌ఫ్లాప్‌ల గుండా పంపు. రెండో దాని అవుట్‌పుట్‌నే, అదొక్కదాన్నే, అంతటా వాడు. మొదటిది ఒక్కోసారి 0, 1ల మధ్య ఊగిసలాడుతుంది. తేరుకోవడానికి దానికి ఒక క్లాక్ గడువు ఇస్తున్నావన్నమాట. రెండు చాలా అని అడుగుతావు, నాకు తెలుసు. నీ 12 మెగాహెర్ట్జ్‌కి చాలు.

ఇది బటన్ ఎగిరిపడటాన్ని (ఒక్కసారి నొక్కినా కాసేపు 0, 1ల మధ్య గంతులేయడాన్ని) ఆపదు, అది వేరే గొడవ. కొత్త విలువ వరసగా 10 మిల్లీసెకన్లు నిలిస్తేనే ఒప్పుకో. అంటే 1,20,000 క్లాక్‌ల లెక్క, 17 బిట్ల కౌంటర్. మధ్యలో పాత విలువ కనిపిస్తే మళ్లీ సున్నా నుంచి.

ఎల్‌ఈడీ మెరిసిన రోజు, నీ బోర్డు చిప్ హెచ్‌ఎక్స్1కేలో ఉన్న 1,280 ల్యూట్‌లలో (లాజిక్‌ని కట్టే చిన్న పట్టికలలో) నీ డిజైన్ ఎన్ని తిన్నదో రిపోర్టు చూసి నాకు రాయి.

మావయ్య