హజ్‌కి వెళ్తున్న బేటీకి

అస్సలాము అలైకుమ్ బేటీ,

నిన్న ఫోన్‌లో "ఖాలా, ఇన్ని దుఆలు (వేడుకోళ్ళు) నోటికి రావట్లేదు, అక్కడ అంత నడవగలనో లేదో" అన్నావు. ఆ టెన్షన్ నాకు తెలుసు. లావుపాటి దుఆల పుస్తకం మెడలో సంచిలో వేసుకుని వెళ్ళినదాన్నే నేనూ.

తవాఫ్‌లో, అంటే కాబా చుట్టూ తిరిగే ఏడు చుట్లలో, చుట్టుకో దుఆ అని కొన్ని పుస్తకాల్లో వేస్తారు. ప్రవక్త (స) అలా నిర్ణయించలేదు. కాబా యమనీ మూల నుంచి హజరె అస్వద్ (నల్లరాయి) దాకా "రబ్బనా ఆతినా ఫిద్దున్యా హసనతన్..." (ప్రభూ, మాకు ఈ లోకంలో మేలు ఇవ్వు...) చదివేవారు. మిగతా చోట నీ మనసులో ఉన్నది అడుగు. తెలుగులో అడిగితే అల్లాహ్‌కు అర్థం కాదా!

బలం కోసం మాత్రం ఒక్క మాట పట్టుకో: "లా హౌల వలా కువ్వత ఇల్లా బిల్లాహ్". ఏ శక్తి అయినా, ఏ బలమైనా అల్లాహ్ ఇస్తేనే అని. ఇది ప్రయాణంలో దొరికిన మాటే. ప్రవక్త సహచరులు మెట్టలెక్కుతూ గట్టిగట్టిగా తక్బీర్ (అల్లాహు అక్బర్) చెబుతుంటే, మీరు పిలుస్తున్నది చెవిటివాణ్ణీ కాదు, ఇక్కడ లేనివాణ్ణీ కాదు అని ప్రవక్త (స) వారించారు. ఈ మాట స్వర్గపు నిధుల్లో ఒకటని అబూ మూసా అష్‌అరీ (ర) అనే సహచరుడితో చెప్పింది అప్పుడే. కాబట్టి గొంతు చించుకోకు, పెదాలు కదిలితే చాలు. ఆ రద్దీలో ఊపిరి కూడా దాచుకోవాలి మరి.

సయీ సంగతి చెబుతాను. సఫా, మర్వా గుట్టల మధ్య నడిచే ఏడు విడతలూ కలిపితే మూడు కిలోమీటర్లు దాటుతుంది. నాలుగో విడతలో నా మోకాళ్ళు మొరాయించాయి. పుస్తకం తీశాను, కళ్ళజోడు లేదు! గోడకు ఆనుకుని, మద్యన్‌లో అలసిపోయి నీడన కూర్చున్న ప్రవక్త మూసా అలైహిస్సలాం దుఆ గుర్తు తెచ్చుకున్నాను: "రబ్బి ఇన్నీ లిమా అన్‌జల్త ఇలయ్య మిన్ ఖైరిన్ ఫకీర్". ప్రభూ, నువ్వు ఏ మేలు దించినా నాకది అవసరమే. అది పూర్తయ్యేలోపే ఎవరో పిల్లాడు వీల్‌ఛైర్ తెచ్చి ఆపాడు. నేను వద్దన్నాను! నడిచి చేస్తేనే హజ్ అన్న పంతం. ఆ రాత్రి కాళ్ళు వాచి ఏడ్చాను. సాయం అడిగి, వచ్చిన సాయాన్ని తిప్పి పంపానన్న సంగతి అప్పుడు తట్టింది.

నువ్వలా చేయకు. ప్రవక్త భార్య ఉమ్మె సలమా (ర) ఒంట్లో బాగాలేదంటే, వాహనం మీదే తవాఫ్ చేయమన్నారు ప్రవక్త (స). బలహీనులను, అరఫాత్ తర్వాత రాత్రి ఆగే ముజ్దలిఫా నుంచి రాత్రే ముందుగా పంపించేశారు. మీ అమ్మ కూడా వస్తోంది కదా, ఆమె విషయంలో ఈ రెండూ గుర్తుంచుకో. మీ గ్రూపు ఆలిమ్‌ని (మత పండితుణ్ణి) ముందే అడిగి పెట్టుకో.

అరఫాత్ మైదానంలో జిల్‌హజ్ నెల 9 మధ్యాహ్నం నుంచి పొద్దు గుంకేదాకా దుఆకే ఉంచుకో. అందుకని ఉదయం కాస్త పడుకో, నీళ్ళు తాగుతూ ఉండు. హాజీలకు ఆ రోజు ఉపవాసం అక్కర్లేదు. ప్రవక్త (స) అక్కడ అందరూ చూస్తుండగా పాలు తాగారు. అడగాలనుకున్నవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళు, ఎండలో అన్నీ మరిచిపోతాం. కళ్ళజోడు మరిచిపోకు.

ఆ కాగితంలో ఎక్కడో ఒక మూల నా పేరు కూడా రాయి.

దుఆలతో,
మీ ఖాలా