‘పి’ అక్షరంతో మొదలయ్యే ఆంగ్లపదాలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

ఆంగ్ల పదాల అర్థాల గురించీ రూపాల గురించీ అందిన లేఖలలో ఈసారి ‘పి’ అక్షరంతో మొదలయ్యే మాటల మీదనే ఎక్కువ సందేహాలు కనిపించాయి. ఒకే విషయాన్ని అడిగిన లేఖలను ఒక ప్రశ్నగా కలిపి ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: పోటీ పరీక్షల కోసం ఆంగ్ల పదాలను అక్షరక్రమంలో కంఠస్థం చేస్తున్నాను. ‘పి’ దగ్గరకు వచ్చేసరికి ప్రిసీడ్–ప్రొసీడ్, ప్రిస్క్రైబ్–ప్రొస్క్రైబ్, పర్సిక్యూట్–ప్రాసిక్యూట్ వంటి జంటలన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతున్నాయి. వీటిని విడివిడిగా గుర్తుంచుకునే దారి ఏదైనా ఉందా?

జవాబు: ఉంది. అయితే ముందు ఆ అక్షరక్రమాన్ని కొంతసేపు పక్కన పెట్టవలసి ఉంటుంది. మాటను వెతుక్కోవడానికి అక్షరక్రమం ఎంత ఉపయోగమో, నేర్చుకోవడానికి అంత అడ్డంకి, ఎందుకంటే రూపంలో దగ్గరగా ఉండి అర్థంలో దూరంగా ఉన్న మాటలను అది పక్కపక్కన కూర్చోబెడుతుంది. మీరు అడిగిన ఆరు మాటలూ లాటిన్ నుంచి వచ్చినవే. ప్రతి దానిలోనూ ముందు ఒక ఉపసర్గ, దాని వెనుక ఒక ధాతువు ఉన్నాయి. ఒకే ‘హృ’ ధాతువుకు వేర్వేరు ఉపసర్గలు చేరి ప్రహారం, ఆహారం, సంహారం, విహారం, పరిహారం అయినట్టే ఇక్కడ కూడా అర్థాన్ని మలుపు తిప్పేది ఉపసర్గే.

తెలుగులో చెప్పుకుంటే ‘ప్రి’ అంటే ‘ముందుగా’, ‘ప్రొ’ అంటే ‘ముందుకు’, ‘పర్’ అంటే ‘ఆసాంతం’ లేదా ‘గుండా’. ‘ముందుగా’, ‘ముందుకు’ అనే రెండు మాటల మధ్య ఉన్న తేడాను పట్టుకుంటే సగం పని అయిపోయినట్టే. లాటిన్‌లో వెళ్లడం అనే అర్థమున్న ధాతువుకు ‘ప్రి’ చేరితే ప్రిసీడ్, అంటే ముందుగా నడవడం, ఒక దానికంటే ముందు రావడం. ‘ప్రొ’ చేరితే ప్రొసీడ్, అంటే ముందుకు సాగడం. వీటి స్పెల్లింగు కూడా తేడాగా ఉంటుంది. ప్రిసీడ్ చివర ‘సి, ఈ, డి, ఈ’ రాస్తే ప్రొసీడ్ చివర ‘సి, ఈ, ఈ, డి’ రాస్తాము. ఇలా జంట ‘ఈ’ వరుసగా వచ్చే వాడుక క్రియలు ఎక్సీడ్, ప్రొసీడ్, సక్సీడ్ అనే మూడే కాబట్టి ఈ మూడింటినే గుర్తుంచుకుంటే చాలు. అయితే ప్రొసీడ్ నుంచి పుట్టిన ప్రొసీజర్‌లో ఒక ‘ఈ’ తగ్గిపోతుందన్న సంగతిని చాలామంది మరచిపోతారు.

రాయడం అనే అర్థమున్న ధాతువుతో ఏర్పడిన జంట ఇంకా ఆసక్తికరమైనది. ముందుగా రాసిపెట్టడం, అంటే ఇలా చేయాలని నిర్దేశించడం, ప్రిస్క్రైబ్. వైద్యుడు రాసి ఇచ్చే ప్రిస్క్రిప్షన్ దాని నామవాచక రూపం. ప్రొస్క్రైబ్ అంటే జనం ముందుకు తెచ్చి రాసిపెట్టడం. ఈ మాట వెనుక ఒక దారుణమైన చరిత్ర ఉంది. ప్రాచీన రోమ్‌లో సుల్లా అనే నియంత క్రీ.పూ. 82లో తన ప్రత్యర్థుల పేర్లను జాబితాలుగా రాయించి బహిరంగంగా పెట్టించాడు. ఆ జాబితాలో పేరున్న మనిషిని ఎవరు చంపినా నేరం కాదు సరికదా, బహుమానం కూడా దక్కేది. అందువల్లనే ప్రొస్క్రైబ్ అనే క్రియకు నిషేధించడం, బహిష్కరించడం అనే అర్థాలు స్థిరపడ్డాయి. ఒక్క అచ్చు తేడాతో ఒక మాట ‘చేయండి’ అని చెబుతుంటే, మరొకటి ‘చేయకూడదు’ అని చెబుతోంది. పరీక్షలో ఈ జంటను తరచుగా అడగడానికి కారణం కూడా ఇదే.

వెంట వెళ్లడం అనే అర్థమున్న ధాతువుకు ‘పర్’ చేరినప్పుడు, వదలకుండా వెంటపడి వేధించడం పర్సిక్యూట్. ‘ప్రొ’ చేరినప్పుడు, అభియోగాన్ని ముందుకు నడిపించడం, అంటే న్యాయస్థానంలో విచారణ జరిపించడం, ప్రాసిక్యూట్. ఇదే పద్ధతిలో పర్‌స్పెక్టివ్ దృక్కోణం అవుతుందనీ, ముందుకు చూసే ప్రాస్పెక్టివ్ ‘కాబోయే’ అనే అర్థమున్న విశేషణమనీ మీరే తేల్చుకోగలరు.

ప్రశ్న: కళాశాల ప్రిన్సిపాల్, బ్యాంకు రుణంలోని ప్రిన్సిపల్, జీవితంలో పాటించే ప్రిన్సిపుల్ ఒకే మాటా, వేర్వేరు మాటలా?

జవాబు: మొదటి రెండూ ఒకే మాట, మూడవది వేరే మాట. మూడింటికీ మూలమైన లాటిన్ పదం మాత్రం ఒకటే. దాని అర్థం ‘మొదటి స్థానం పొందినవాడు’. చివర ‘పి, ఏ, ఎల్’ ఉన్న మాట పుట్టుకతో విశేషణం. నేషనల్, పర్సనల్ వంటి విశేషణాలలో కనిపించే ‘ఏ, ఎల్’ ప్రత్యయమే ఇందులోనూ ఉంది. ప్రధానమైన ఉపాధ్యాయుడు, ప్రధానమైన మొత్తం అనే అర్థాలలో వాడుతూ వాడుతూ, పక్కనున్న నామవాచకాన్ని వదిలివేసి విశేషణాన్నే నామవాచకంగా నిలబెట్టారు. కాబట్టి విద్యాసంస్థ అధిపతీ, వడ్డీ లెక్కలోని అసలూ ఒకే మాటకు రెండు ముఖాలు.

చివర ‘పి, ఎల్, ఈ’ ఉన్న మాట ఎప్పుడూ నామవాచకమే. సూత్రం, నియమం, సిద్ధాంతం దాని అర్థాలు. దీనిని విశేషణంగా వాడాలంటే ‘డి’ చేర్చి ప్రిన్సిపుల్డ్ అనాలి, అంటే నియమబద్ధుడైన మనిషి. దీనితో ఏర్పడే రెండు పదబంధాలను కూడా వేరుచేసి చూడాలి. ‘ఇన్ ప్రిన్సిపుల్’ అంగీకరించడమంటే వివరాల జోలికి పోకుండా సూత్రప్రాయంగా ఒప్పుకోవడం. ‘ఆన్ ప్రిన్సిపుల్’ నిరాకరించడమంటే తాను నమ్మిన నియమం కోసం కాదనడం.

ప్రశ్న: ప్రాక్టీస్ అనే మాటను కొన్ని పుస్తకాలలో ‘సి’తోనూ కొన్నింటిలో ‘ఎస్’తోనూ రాస్తున్నారు. ఏది తప్పు?

జవాబు: రెండూ సరైనవే, కాని వాటి స్థానాలు వేరు. బ్రిటిష్ పద్ధతిలో నామవాచకానికి ‘సి’, క్రియకు ‘ఎస్’ రాస్తారు. అమెరికన్ పద్ధతిలో రెండింటికీ ‘సి’ సరిపోతుంది. ఒక వ్యాసంలో ఏ పద్ధతితో మొదలుపెట్టారో చివరి వరకు దానినే పాటించాలి. నామవాచకానికి ‘సి’, క్రియకు ‘ఎస్’ అన్న సంగతి మనసులో నిలవాలంటే అడ్వైస్, అడ్వైజ్ అనే జంటను తలచుకోండి. అక్కడ ఉచ్చారణే తేడాను చెప్పేస్తుంది. భవిష్యవాణి అనే అర్థమున్న ప్రాఫెసీ కూడా ఇదే దారిలో నడుస్తుంది. నామవాచకంలో ‘సి’ రాసి చివర ‘సీ’ అని పలుకుతారు; జోస్యం చెప్పడం అనే క్రియలో ‘ఎస్’ రాసి చివర ‘సై’ అని పలుకుతారు.

నామవాచకానికీ క్రియకూ స్పెల్లింగు మారకుండా ఉచ్చారణ మాత్రమే మారే మాటలు ‘పి’లో ఇంకా చాలా ఉన్నాయి. వీటి విషయంలో తెలుగువారు ప్రత్యేకంగా శ్రద్ధ వహించాలని నా అభిప్రాయం, ఎందుకంటే మన భాషలో ఊనిక మారితే అర్థం మారదు కనుక మన చెవి ఆ తేడాను సులభంగా పట్టుకోదు. ప్రెజెంట్ అని మొదటి అక్షరాన్ని ఊని పలికితే కానుక లేదా వర్తమానం. ప్రిజెంట్ అని రెండవ దానిని ఊని పలికితే సమర్పించడం. పర్మిట్, ప్రోగ్రెస్, ప్రాజెక్ట్, ప్రొటెస్ట్ అన్నీ ఇంతే: నామవాచకానికి ఊనిక మొదట, క్రియకు చివర. ప్రొడ్యూస్‌లో అర్థం కూడా కొంత పక్కకు జరుగుతుంది; క్రియగా అది ఏదైనా ఉత్పత్తి చేయడం కాగా, నామవాచకంగా ముఖ్యంగా పొలంలో పండిన పంట, కాయగూరలు అనే అర్థంలో వినిపిస్తుంది. అయితే ప్రామిస్, పర్చేజ్ అనే మాటలు ఈ నియమానికి లోబడవు. క్రియలైనా వాటి ఊనిక మొదటి అక్షరం మీదనే ఉంటుంది. పర్చేజ్‌లో మనం ‘చే’ను సాగదీసి పలుకుతాము గాని, ఆంగ్లేయుల నోట అది ‘పర్చస్’ అన్నట్టు పొట్టిగా వినిపిస్తుంది.

ప్రశ్న: ప్రొనౌన్స్ అనే క్రియ నుంచి ప్రొనౌన్సియేషన్ అనే నామవాచకం రావాలి కదా?

జవాబు: రావాలని అనిపిస్తుంది గాని రాలేదు. సరైన రూపం ప్రొనన్సియేషన్. క్రియలో ఉన్న ‘ఓ, యు’లలో ‘ఓ’ జారిపోయి నామవాచకంలో ‘యు’ ఒక్కటే మిగులుతుంది. ఉచ్చారణ అనే అర్థమున్న మాటనే తప్పుగా ఉచ్చరించడం ఎవరికైనా ఇబ్బందే కనుక దీనిని నాలుగుసార్లు పైకి పలికి నోటికి అలవాటు చేసుకోండి.

ప్రశ్న: పీపుల్, పోలీస్, ఫిజిక్స్, ఫినామినా, ప్రెమిసెస్ వంటి మాటలకు ఏకవచన క్రియ వాడాలా, బహువచన క్రియ వాడాలా?

జవాబు: ఇక్కడ మాటను బట్టి మర్యాద. పోలీస్‌కు చివర ‘ఎస్’ చేర్చకపోయినా ఎప్పుడూ బహువచన క్రియే వాడాలి. ఫిజిక్స్ చివర ‘ఎస్’ ఉన్నా అది శాస్త్రం పేరు కనుక ఏకవచనం. ఫినామినా బహువచనం, దాని ఏకవచనం గ్రీకు పద్ధతిలో ఫినామినన్. ‘ఒక ఫినామినా’ అని రాయడం పత్రికలలో కూడా కనిపించే పొరపాటు. వ్యక్తి అనే అర్థమున్న పర్సన్‌కు వాడుకలో బహువచనం పీపుల్. పర్సన్స్ అనేది చట్టాల భాషకూ ప్రకటనలకూ పరిమితమైంది. పీపుల్‌కు ‘ఎస్’ చేర్చి పీపుల్స్ అంటే జాతులు, ప్రజాసమూహాలు అని అర్థం.

ప్రెమిసెస్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ప్రెమిస్ అంటే తర్కంలో ముందుగా ప్రతిపాదించిన ఆధారవాక్యం. ఇందులోని ‘ప్రి’ మనకు పరిచయమైన ‘ముందుగా’యే. పూర్వం దస్తావేజులలో ఇంటినీ స్థలాన్నీ ఒకసారి వర్ణించి, తరువాత ప్రతిచోటా ‘పైన చెప్పినవి’ అనే అర్థంలో ప్రెమిసెస్ అని రాసేవారు. చదివేవారు క్రమంగా ఆ మాటకు ఇల్లు, ఆవరణ అనే అర్థాన్నే ఇచ్చుకున్నారు. కనుకనే ఆవరణ ఒక్కటే అయినా ఆ అర్థంలో ఈ మాట ఎప్పుడూ బహువచనంలోనే ఉంటుంది.

ఇందుకు విరుద్ధంగా, లేని బహువచనాన్ని ఊహించుకోవడం వల్ల పుట్టిన మాట పీ, అంటే బఠాణీ. పాత రూపం పీజ్, అది ఏకవచనమే. చివరి ‘జ్’ ధ్వనిని బహువచన ప్రత్యయమని భ్రమపడి, దానిని తీసివేసి, 17వ శతాబ్దంలో పీ అనే కొత్త ఏకవచనాన్ని తయారు చేసుకున్నారు.

ప్రశ్న: ప్రీపోన్ అనే మాట ఆంగ్లంలో లేదని మా ఉపాధ్యాయుడు అంటున్నారు. నిజమేనా?

జవాబు: భారతీయ ఆంగ్లంలో అది నిక్షేపంగా ఉంది, ప్రసిద్ధ నిఘంటువులు కూడా దానికి చోటిచ్చాయి. పోస్ట్‌పోన్‌లో ‘పోస్ట్’ అంటే తరువాత, ‘పోన్’ అంటే పెట్టడం. తరువాతకు పెట్టడం పోస్ట్‌పోన్ అయితే ముందుకు జరపడం ప్రీపోన్ కావడంలో పదనిర్మాణ దృష్ట్యా ఏ దోషమూ లేదు. నా దృష్టిలో అది తెలివైన కల్పన. కాని ఇతర దేశాలవారికి రాసేటప్పుడు ఆ మాట వారికి తెలియకపోవచ్చు కనుక ‘బ్రింగ్ ఫార్వర్డ్’ అని రాయడం క్షేమం.

ప్రశ్న: సైకాలజీ, న్యుమోనియా వంటి మాటలలో పలకని ‘పి’ని ఎందుకు ఉంచుకున్నారు? అసలు ‘పి’తో మొదలయ్యే మాటలలో ఇన్ని పరాయి భాషల నుంచి రావడానికి కారణం ఏమిటి?

జవాబు: మొదటిది సులభం. ఇవి గ్రీకు మాటలు. గ్రీకులు ‘ప్స’, ‘ప్న’, ‘ప్ట’ అనే సంయుక్తాక్షరాలను మాట మొదట్లో పలకగలరు. జర్మన్, ఫ్రెంచ్ భాషలవారు సైకాలజీలోని ‘పి’ని ఇప్పటికీ పలుకుతారు. ఆంగ్లేయులకు అది నోరు తిరగక, అక్షరాన్ని ఉంచి ధ్వనిని వదిలివేశారు.

రెండవ ప్రశ్న నాకు ఎంతో ఇష్టమైనది. ఆంగ్లం, లాటిన్, గ్రీకు, సంస్కృతం ఒకే మూలభాష నుంచి చీలిన శాఖలు. ఆ మూలభాషలోని ‘ప’ ధ్వని సంస్కృతంలోనూ లాటిన్‌లోనూ గ్రీకులోనూ నిలిచింది గాని, ఆంగ్లం పుట్టిన జర్మానిక్ శాఖలో ‘ఎఫ్’ ధ్వనిగా మారిపోయింది. ఈ మార్పును ఇతర హల్లుల మార్పులతో కలిపి యాకోబ్ గ్రిమ్ అనే జర్మన్ పండితుడు 1822లో సూత్రీకరించాడు. అందుకే మన పితృ శబ్దానికి సాటి ఫాదర్, పాదానికి ఫుట్, పంచకు ఫైవ్, పూర్ణానికి ఫుల్. పశువుకు సాటి ఫీ; పూర్వం పశుసంపదే ధనం కనుక ఆ మాట చెల్లించే రుసుముగా మారింది. మూలభాషలోని ‘బ’ ధ్వని జర్మానిక్ శాఖలో ‘ప’గా మారవలసి ఉన్నా, ‘బ’తో ఉన్న మాటలే ఆ మూలభాషలో చాలా అరుదు. ఆ విధంగా ఆంగ్లంలో ‘పి’ గది దాదాపు ఖాళీగా మిగిలింది. 1066లో నార్మన్లు ఇంగ్లండును జయించాక ఫ్రెంచి మాటలూ, తరువాత పండితుల ద్వారా లాటిన్, గ్రీకు మాటలూ వచ్చి ఆ గదిని నింపాయి.

దీనివల్ల ఆంగ్లంలో ఒకే కుటుంబపు మాటలు రెండు వేషాలలో కనిపిస్తాయి. ఇంటి మాట ఫాదర్, అరువు మాట పెటర్నల్. ఇంటి మాట ఫుట్, అరువు మాటలు పెడల్, పెడెస్ట్రియన్. ఇంటి మాట ఫీ, అరువు మాట ధనసంబంధమైన పెక్యూనియరీ. సంస్కృత పదాన్ని మధ్యలో పెట్టుకుని ఈ రెండింటినీ కలిపి చదివితే అర్థం వెంటనే మనసుకు ఎక్కుతుంది. అయితే పోలిక కనిపించిన ప్రతిచోటా చుట్టరికం కలపకూడదు. పాత్ అనే ఆంగ్ల పదం మన పథానికి తోబుట్టువులా కనిపిస్తుంది. నిజంగా నేరుగా సంక్రమించిన మాటైతే అది ‘ఎఫ్’తో మొదలు కావాలి కదా! ఇరానీ భాషల నుంచి అరువుగా వచ్చి ఉంటుందని కొందరు పండితులు ఊహించారు.

మీ రెండు ప్రశ్నలనూ ఒకేచోట కలిపే మాట మరొకటి ఉంది. హెలికాప్టర్‌ను మనం ‘హెలి’, ‘కాప్టర్’ అని విరుస్తాము గాని, గ్రీకులో అది ‘హెలికో’, ‘ప్టెర్’. మొదటిదానికి సుడి అనీ రెండవదానికి రెక్క అనీ అర్థం. అంతరించిన ఎగిరే సరీసృపమైన టెరోడాక్టైల్ పేరులో మొదట వచ్చినందువల్ల మూగబోయిన ‘పి’, ఇక్కడ ముందు అచ్చు ఉండడం వల్ల పలుకుతోంది. ఆ ‘ప్టెర్’కు ఆంగ్లంలోని ఇంటి రూపం, ‘ప’ స్థానంలో ‘ఎఫ్’ చేరిన ఫెదర్, అంటే ఈక. సంస్కృతంలో దాని జ్ఞాతి పత్రం. ఆకు అనే అర్థంతో పాటు రెక్క అనే అర్థం కూడా దానికి ఉంది.