పేగు దానంతటదే కదులుతుంది, మరి గేదె పెద్దపొట్ట ఎందుకు ఆగింది?

ప్రశ్న: మా గ్రేడెడ్ ముర్రా గేదె ఈని మూడు రోజులైంది. బలానికని పూటకు రెండు కిలోల నూకలు జావ కాచి, బెల్లం కలిపి పెట్టాం. నిన్నటి నుంచి నెమరు వేయడం లేదు. పాలు సగానికి పడిపోయాయి. పేడ పల్చగా, పుల్లటి వాసనతో వస్తోంది. చెవులు చల్లగా ఉన్నాయి. పొట్ట కదలడం లేదంటున్నారు. జాతరలో మేకను కోస్తే బయటికి తీసిన పేగులు కూడా కాసేపు కదులుతాయి కదండీ, బతికున్న గేదె పొట్ట ఎలా ఆగుతుంది? నూనె పట్టించమంటారా?
– ఒక రైతు, కోనసీమ

జవాబు: ముందుగా ఒక్క మాట. నూనె పట్టించకండి. నీరసించిన గేదె సరిగా మింగలేదు. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే గేదె దక్కడం కష్టం. ఇవాళే డాక్టరు గారిని పిలవండి, లేదా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి. జావ, దాణా పూర్తిగా ఆపి ఎండు వరిగడ్డి మాత్రం వేయండి.

మీరు చూసింది నిజమే. పేగు గోడలో కండర పొరల మధ్య కజాల్ కణాలు ఉంటాయి. 1906లో నోబెల్ అందుకున్న స్పెయిన్ శాస్త్రవేత్త కజాల్ పేరే వీటికి పెట్టారు. పేగు లయ వీటి నుంచే పుడుతుందని 1990ల్లో ఎలుకల మీద పరిశోధనల్లో తేలింది. ఈ కణాల్లో సన్నని విద్యుత్ అలలు ఆగకుండా పుడుతుంటాయి. ఎప్పుడు గట్టిగా బిగుసుకోవాలో, ఎప్పుడు వదలాలో పక్కనే ఉన్న నరాల వల కండరానికి చెబుతుంది. ఇదంతా పేగు గోడలోనే ఉంది కాబట్టి, మెదడుతో సంబంధం తెగినా పేగు కాసేపు కదులుతుంది.

తిన్న మేత ముందుగా చేరే పెద్దపొట్ట సంగతి వేరు. దాని గోడలోనూ నరాలున్నాయి, సొంతంగా చిన్నచిన్న కదలికలూ ఉంటాయి. కానీ మేతను కలియబెట్టి, గ్యాసును తేన్పుగా బయటికి పంపే పెద్ద కదలికకు ఆజ్ఞ మెదడు అడుగు భాగం నుంచి వేగస్ నరం ద్వారా రావాలి. ఆ నరం తెగితే ఆ వరుస కదలిక ఆగిపోతుంది. నొప్పి, జ్వరం, పొట్టలో పులుపు, ఏది వచ్చినా ఈ ఆజ్ఞలు తగ్గిపోతాయి. అందుకే పొట్ట ఆగిందంటే నేను ముందు దాని వెనుక కారణం వెతుకుతాను.

మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండు కారణాలు అనుమానిస్తున్నాను. ఒక్కసారిగా పడిన పిండిపదార్థం పొట్టలో పులిసి ఆమ్లమైంది, పేడ వాసన అదే చెబుతోంది. ఇక చల్లని చెవులు కాల్షియం లోపానికి గుర్తు. ఈనగానే కాల్షియం పాలలోకి పోతుంది. అది తగ్గితే నరం పంపిన కబురు కండరానికి సరిగా అందదు, కండరమూ బిగుసుకోలేదు. ఇలాంటప్పుడు పొట్ట కదలడానికని ఊళ్లో వేసే ఇంజక్షన్లు వేయించకండి, కారణం అలాగే ఉండిపోతుంది.

డాక్టరు గారు పొట్టలోని ద్రవం తీసి పులుపు ఎంతుందో చూస్తారు, దాన్నిబట్టి తినే సోడా మోతాదు చెబుతారు. కాల్షియం రక్తనాళంలోకి నెమ్మదిగా ఎక్కించాలి. తొందరపడితే గుండె ఆగే ప్రమాదం ఉంది, అందుకే అది డాక్టరు చేతి మీదుగానే జరగాలి. అవసరమైతే ఆరోగ్యంగా ఉన్న గేదె పొట్ట ద్రవాన్ని కూడా పట్టిస్తారు. మేలు చేసే సూక్ష్మజీవులు అందులో ఉంటాయి.

కోలుకుంటోందో లేదో మీరే చూసుకోవచ్చు. ఎడమ డొక్క గుంటలో పిడికిలి ఆనించి ఐదు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉంటే నిమిషానికి ఒకటి రెండుసార్లు పొట్ట మీ చేతిని పైకి నెడుతుంది. అలా నెడుతూ, నెమరు కూడా మొదలయ్యాక పిల్లిపెసర లాంటి పచ్చిమేత కొద్దికొద్దిగా కలపండి. దాణా మాత్రం పది, పదిహేను రోజుల్లో మెల్లగా పెంచుకుంటూ రండి.